నౌకలో మొదట పోయినవాడు

నలుగురూ వాడి అరగదీసిన మలుపు ఒక్కటి కూడా లేకుండా కథ రాయాలని ఇంతియాజ్ పట్టుదల.

హైదరాబాదులో ఒక చానెల్లో వారానికోసారి వచ్చే సీరియల్‌కి అతను రాస్తున్నాడు. పేరు ధ్రువనౌక. భూమిని వదిలి దూరపు నక్షత్రానికి బయల్దేరిన ఓడలో మనుషుల కథ. రాసేవాళ్ళలో ఇంతియాజ్ అందరికన్నా చిన్నవాడు. అందరికన్నా ఎక్కువ చూసినవాడు, చదివినవాడు కూడా. ఈసారి నౌకలో అంటురోగం ప్రబలే ఎపిసోడ్ అతని చేతికి వచ్చింది. అది బాగా కుదిరితే వచ్చే ఏడాది సీరియల్ మొత్తం అతనికే అప్పగిస్తానని నిర్మాత శశిధర్ మాటిచ్చాడు.

అంటురోగాల కథలు ఇంతియాజ్‌కి కొట్టినపిండి. ఏ దేశపు టీవీలో చూసినా అవే మూసలు. తెరవకూడని పెట్టెను ఎవడో తెరుస్తాడు. చేతి మీద లేచిన మచ్చను చొక్కా చెయ్యి కిందికి లాక్కుని దాచుకునేవాడొకడుంటాడు. వైద్యం చేసే డాక్టరుకే జబ్బు అంటుకుంటుంది. కథానాయకుడి రక్తంలోనే మందు ఉంటుంది. అది సరిగ్గా ఆఖరి నిమిషంలో దొరుకుతుంది. ఈ మూసల మీద ఒక కాలేజీలో ప్రసంగం చేసి చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

తన ఎపిసోడ్‌లో వాటన్నిటినీ తిరగేశాడు. పెట్టె మూత కదల్లేదు. డాక్టరు దుక్కలా ఉన్నాడు. కథానాయకుడి రక్తం ఎందుకూ పనికిరాలేదు. మందు ఆఖరి నిమిషంలో కాదు గదా, అసలు దొరకనే లేదు. రోగం ఎలా వచ్చిందో అలాగే పోయింది.

శశిధర్ చదివి, "తల తిరిగిపోయిందయ్యా" అన్నాడు.

అయినా ఇంతియాజ్‌కి తృప్తి కలగలేదు. బందరులో ఒకావిడ వింటే గానీ అతనికి తను రాసింది పూర్తయినట్టుండదు.

ఆవిడ మాణిక్యాంబ గారు. వయసంతా రేడియోలో నాటకాలు వేయించారు. రిటైరయ్యాక బందరులో సొంతింటికి వచ్చి, రాయాలని ఉబలాటపడే నలుగురైదుగురిని ఆదివారం ఉదయాలు వరండాలో కూర్చోబెట్టుకుంటున్నారు. ఎవరు ఏం రాసుకొచ్చినా మిగిలినవాళ్ళు వేషాలు పంచుకుని పైకి చదవాలి. ఆవిడ పేము కుర్చీలో కళ్ళు మూసుకుని వింటారు. బాగుందనరు, బాగాలేదనరు. మధ్యలో కళ్ళు తెరిచారంటే అక్కడేదో తేడా కొట్టిందన్నమాట.

ఇంతియాజ్ మాటలు రాయడం నేర్చుకున్నది ఆ వరండాలోనే.

ఆ ఆదివారం బందరు స్టేషన్లో దిగి నేరుగా ఆవిడ ఇంటికే వెళ్ళాడు. అప్పటికే ఇద్దరు వచ్చి ఉన్నారు. ఒకరు కోదండం, హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంకొకరు జలజ, బ్యాంకులో పనిచేస్తూ కథలు రాస్తుంది. మాణిక్యాంబ గారు కాళ్ళ మీద తుండుగుడ్డ కప్పుకుని కూర్చున్నారు.

"ఏం తెచ్చావోయ్?"

"అంటురోగం కథ, గురువుగారూ. ఒక్క మూస కూడా లేదు." సంచీలోంచి కాగితాలు తీస్తూనే మొదలుపెట్టాడు. పెట్టె తెరవకపోవడం, డాక్టరుకు జబ్బు రాకపోవడం, రక్తం పనిచేయకపోవడం, మందు దొరక్కపోవడం, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాడు. కోదండం నోరు తెరుచుకుని విన్నాడు.

ఆవిడ అంతా విన్నారు.

"ఏమేం లేవో చెప్పావు. ఏముందో చదవండి."

జలజ నౌక కెప్టెన్ వేషం తీసుకుంది. కోదండం డాక్టరు. నడుమ వచ్చే వివరాలు ఇంతియాజ్ చదువుతానన్నాడు. అందరూ కాగితాలు సర్దుకుంటుంటే ఆవిడ చెయ్యి చాపారు.

"నాకో వేషం ఇవ్వు."

ముగ్గురూ తెల్లబోయారు. ఆవిడ వేషం అడగడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

"ఏం చదువుతారు గురువుగారూ? కెప్టెన్‌గా చేస్తారా? జలజగారు ఇంకోటి..."

"అందరికన్నా ముందు పోయేదెవరు?"

"అతనా?" ఇంతియాజ్ నవ్వాడు. "అతనికి పేరు కూడా లేదండీ. నౌకలో పనివాడొకడు. రోగం ఎంత ప్రమాదమో చూసేవాళ్ళకి తెలియాలిగా, అందుకని మొదట్లోనే ఒకణ్ణి పంపించేశాను. ఒక్కటే మాట ఉంది."

"ఒక్కటి చాలు."

ఆ కాగితం ఆవిడ చేతికిచ్చాడు. దాని మీద ఉన్న మాట, 'కాసిని మంచినీళ్ళు.'

చదవడం మొదలైంది. నౌకలో అలారం మోగింది. పనివాణ్ణి మంచం మీద పడుకోబెట్టారు. గోళ్ళు నీలంగా మారాయి. డాక్టరు వంగి చూశాడు.

"కాసిని మంచినీళ్ళు" అన్నారు మాణిక్యాంబ గారు.

అది ఆవిడ గొంతు కాదు. ఎండలో చాలాసేపు పనిచేసి వచ్చిన మగమనిషి గొంతులా ఉంది. జలజ తలెత్తి చూసింది.

"ఇది మామూలు జ్వరం కాదు" అని కోదండం తన మాట చదివాడు. "వెంటనే కెప్టెన్‌కి చెప్పాలి."

"కాసిని మంచినీళ్ళు."

కోదండం ఆగాడు. ఆవిడ పొరపాటున రెండోసారి చదివారనుకుని ముందుకు పోయాడు. "ఈ గది తలుపులు మూసేయండి. ఎవరూ లోపలికి రాకూడదు."

"మంచినీళ్ళు."

"రెండో సీను" అన్నాడు ఇంతియాజ్ గబగబా. "కెప్టెన్ గది. గోడంతా తెరలు. డాక్టరు లోపలికి వస్తాడు."

"చెప్పండి డాక్టర్" అంది జలజ.

"మనం అనుకున్నదానికన్నా..."

"బాబూ, మంచినీళ్ళు."

జలజకి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుంది. కోదండం కాగితం దించి ఇంతియాజ్ వైపు చూశాడు.

"గురువుగారూ, ఆ సీను అయిపోయిందండీ. మనం ఇప్పుడు కెప్టెన్ గదిలో ఉన్నాం."

"మీరున్నారు నాయనా. నేనిక్కడే ఉన్నాను. నాకింకా దాహంగానే ఉంది."

కోదండం మెల్లిగా మళ్ళీ అందుకున్నాడు. రోగం గాలిలో పాకుతోందని డాక్టరు చెప్పాడు. కెప్టెన్ బల్ల మీద పిడికిలి గుద్దింది. ఇంతియాజ్ నాలుగు రోజులు కూర్చుని చెక్కుకున్న మాటలవి. ఒక్కో మాటకీ నడుమ ఆ గొంతు వినపడుతూనే ఉంది. గట్టిగా కాదు. ఎవరినీ నిందిస్తున్నట్టూ కాదు. అడిగితే ఇస్తారు కదా అన్న నమ్మకంతో అడుగుతున్నట్టుంది. ఆ నమ్మకమే వినలేకపోతున్నారు. జలజ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

ఇంతియాజ్‌కి చెవులు వేడెక్కాయి.

"గురువుగారూ, అతను చనిపోయాడండీ!"

ఆవిడ కళ్ళు తెరిచారు.

"ఎప్పుడు?"

అతను కాగితాలు వెనక్కి తిప్పాడు. మొదటి సీనులో మనిషి మంచం మీద ఉన్నాడు. మూడో సీనులో డాక్టరు "అతను పోయాడు" అని ఒక ముక్క అంటాడు. అంతే.

"రెండో సీను జరుగుతుండగా పోయి ఉంటాడు" అన్నాడు.

"పక్కన ఎవరున్నారు?"

ఆ మంచం పక్కన ఇంతియాజ్ ఎవరినీ పెట్టలేదు.

అతని తండ్రి మస్తాన్ వలీ తెనాలిలో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. కరోనా రెండోసారి ఊళ్ళమీద పడినప్పుడు ఆయన్ని బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. ఇంతియాజ్ హైదరాబాదులో ఉండిపోయాడు. ఒక రోజు ఫోన్ వచ్చింది. ఎవరిదో అలసిపోయిన గొంతు, తండ్రి పేరు చెప్పి, పోయారని చెప్పి, పెట్టేసింది. అంతకుముందు వీడియోలో చూసిన ముఖానికీ ఆ ఫోన్‌కీ నడుమ ఏం జరిగిందో అతనికి తెలియదు. అడగలేదు. అసలు ఆ వైపే ఎప్పుడూ తలతిప్పలేదు.

కాగితాలు బెంచీ మీద పెట్టి లేచాడు. వంటింట్లోకి వెళ్ళి కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచుకొచ్చాడు. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ చేతికి అందించబోయాడు. ఆవిడ చెయ్యి ఎత్తలేదు. గ్లాసు ఆవిడ పెదవులకి ఆనించాల్సి వచ్చింది. ఆవిడ ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగారు. కాసిని నీళ్ళు గడ్డం మీద నుంచి కారితే అతనే తుండుగుడ్డతో తుడిచాడు.

"నీ పేరేంటి బాబూ?" అంది ఆ మగగొంతు.

స్క్రిప్టులో నీళ్ళిచ్చే మనిషే లేడు. ఆ మనిషికి పేరెక్కడిది?

"ఇంతియాజ్" అన్నాడు.

ఆవిడ తల ఆడించారు. కళ్ళు మూసుకున్నారు. వీధిలో తాటిముంజెల బండివాడు కేకేసుకుంటూ పోయాడు.

"ఊఁ, కోదండం" అన్నారు ఆవిడ మామూలు గొంతుతో. "రెండో సీను చదువు."

కోదండానికి తన పేజీ దొరకలేదు. ఆ రోజు చదవడం అంతటితో ఆగిపోయింది.

భోజనాలయ్యాక, మజ్జిగ తాగుతూ ఇంతియాజ్ అడిగాడు. "గురువుగారూ, ఆ సీను మార్చమంటారా?"

"సీనెక్కడుందోయ్, మార్చడానికి?" అని ఆవిడ ఒత్తిగిలి పడుకున్నారు.

సాయంత్రం బండికి ఇంకా టైముంది. ఇంతియాజ్ వరండా మెట్ల మీద కూర్చుని తెనాలికి ఫోన్ చేశాడు. తల్లి ఖైరున్నీసా ఎత్తింది. వెనకాల మిక్సీ చప్పుడు.

"అమ్మీ, అబ్బా పోయినప్పుడు పక్కన ఎవరున్నారు?"

మిక్సీ ఆగింది.

"సూరిబాబు గారున్నారు."

"ఎవరాయన?"

"పక్క మంచమాయన. గుడివాడ. ఆయనకి నయమై ఇంటికెళ్ళాక నా నంబరు కనుక్కుని ఫోన్ చేశారు. మరుసటేడు రంజానుకి మనింటికి వచ్చారు కూడా, సంచీడు నిమ్మకాయలు పట్టుకుని. నువ్వు షూటింగులో ఉన్నావు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పబోతే అబ్బా మాట ఎత్తొద్దన్నావు. తర్వాత నువ్వెప్పుడూ అడగలేదు బేటా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. నంబరు చెప్పింది. ఫోన్ పెట్టేముందు, "భోంచేశావా?" అని అడిగింది.

బందరు నుంచి బెజవాడ వెళ్ళే బండి గుడివాడ మీదుగానే పోతుంది. ఇంతియాజ్ ఆ నంబరుకి ఫోన్ చేసి, దారి కనుక్కుని అక్కడ దిగిపోయాడు.

సూరిబాబు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉన్నాడు. గుమ్మంలో ఇంతియాజ్‌ని చూసి ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాడు.

"అచ్చం ఆయనే. గడ్డమొక్కటే తక్కువ" అన్నాడు. "రండి, లోపలికి రండి. మన మస్తాన్ గారబ్బాయే!" అని భార్యను కేకేశాడు.

ఆవిడ టీ తెచ్చి ఇచ్చి, తలుపు దగ్గరే నిలబడింది.

ఇంతియాజ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"మా నాన్నగారికి ఆఖర్న నీళ్ళిచ్చింది మీరేనేమో, అడుగుదామని వచ్చానండీ."

"నేనా?" సూరిబాబు తల అడ్డంగా ఊపాడు. "ఆఖర్న ఇచ్చాను లెండి. ముందు ఇచ్చింది ఆయన."

ఇంతియాజ్‌కి అర్థం కాలేదు.

"ముందు ముదిరింది నాకండీ. మీ నాన్నగారు అప్పటికి లేచి తిరుగుతున్నారు. సిస్టర్లు పాపం ఎంతమందినని చూస్తారు? ఒకళ్ళ దగ్గరికి పరిగెత్తేలోపు ఇంకొకళ్ళు పిలిచేవారు. ఈయనే వచ్చి నా తల ఎత్తి నీళ్ళు పట్టేవారు. నాకొక్కడికే కాదు, ఆ వరసంతా తిరిగేవారు. మాస్కులో మాట వినపడదు గదా, 'సూరిబాబు గారూ, టికెట్టు తీసుకున్నారా' అని నా చెవిలో వేళాకోళాలు. నేను కండక్టరునని చెప్పాన్లెండి." ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "నేను లేచి కూర్చున్న రోజున ఆయన పడుకున్నారు."

తలుపు దగ్గర భార్య కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మా ఆవిడ మిషను గరగరలాడుతోందని అంతకుముందెప్పుడో చెప్పాను. ఆ రోజు పొద్దున్నే నన్ను పిలిచారు. ఏంటో అనుకుని చెవి దగ్గర పెట్టాను. 'చక్రం పక్కన చిన్న బెజ్జం ఉంటుంది. అందులో కొబ్బరినూనె పొయ్యొద్దని చెప్పండి. జిడ్డు కట్టేస్తుంది. మిషను నూనే పొయ్యాలి' అన్నారు. అంత రొప్పుతూ అదీ చెప్పింది. చేత్తో గాల్లో చక్రం తిప్పి చూపించారు కూడా. అప్పుడు నీళ్ళడిగారు. పట్టాను. ఇంకో గుక్క అడిగారు. అదీ తాగారు. నా చెయ్యి వదల్లేదు. ఇంకేం లేదండీ. అంతే."

"భయపడ్డారా?"

 సూరిబాబు అబద్ధం చెప్పే మనిషి కాడు.

"కొంచెం. కానీ చెయ్యి పట్టుకున్నాక తగ్గింది."

టీ చల్లారిపోయింది. ఇంతియాజ్ లేచి, "ఆ మిషను ఒకసారి చూడొచ్చాండీ?" అన్నాడు. లోపలి గదిలో కిటికీ పక్కన ఉంది. మీద పువ్వుల గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీసి చక్రం మీద చెయ్యి వేసి తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. ఇంకోసారి తిప్పాడు. అతను ఏడవడం పూర్తయ్యేదాకా దంపతులిద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు.

హైదరాబాదు చేరిన రోజునే ఎపిసోడ్ మళ్ళీ రాయడానికి కూర్చున్నాడు.

నౌకలో మొదట పోయే పనివాడికి కాసిం అని పేరు పెట్టాడు. నౌకలో గాలి ఆడించే ఫ్యాన్లు బాగుచేయడం అతని పని. పక్క మంచం మీద ఉన్నవాడు పైడయ్య. పైడయ్యకి ముందు రోగం వచ్చింది. కాసిం అతనికి నీళ్ళు పట్టాడు, వేళాకోళం చేశాడు. తర్వాత కాసిం పడుకున్నాడు, పైడయ్య లేచి కూర్చున్నాడు. మంచానికి ఎదురుగా ఒక ఫ్యాను కిచకిచమంటుంటే, ఏ మర బిగించాలో కాసిం పైడయ్యకి చేత్తో చూపించాడు. నీళ్ళడిగాడు. తాగాడు. పైడయ్య చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత పైడయ్య లేచి వెళ్ళి ఆ మర బిగించాడు. ఆ సీనంతటికీ సంగీతం వద్దని పక్కన రాశాడు.

శశిధర్ చదివి కళ్ళజోడు తీశాడు.

"ఇదేంటయ్యా? ఈ సీన్లో ఏమీ జరగడం లేదు."

"ఒకతను చనిపోతున్నాడు సార్."

"చనిపోనీ. ఒక్క ముక్కలో చనిపోడా? చూసేవాళ్ళు చానెల్ మార్చేస్తారు." కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ ఆ సీను దగ్గరికే వచ్చి ఆగాడు. ఈసారి మెల్లిగా చదివాడు. "సరే. ఇది ఉంచుతాను. కానీ మందు దొరకాలి. ఆఖరి నిమిషంలో దొరకాలి. మొదట్నుంచీ అదే అడుగుతున్నారు పైవాళ్ళు."

నెల రోజుల కిందట అయితే దీని కోసం ఇంతియాజ్ ఉద్యోగమైనా వదులుకునేవాడు.

"దొరకనివ్వండి సార్" అన్నాడు. "ఎవరో ఒకళ్ళకి దొరకాలిగా."

చిత్రీకరణ నాడు కాసిం వేషం వేసిన నటుడికి చావు సీన్లలో మాట మాటకీ దగ్గడం అలవాటు. దగ్గొద్దని, మామూలుగా మాట్లాడమని ఇంతియాజ్ పక్కనే ఉండి చెప్పాడు. ఎపిసోడ్ టీవీలో వచ్చింది. మర్నాడు ఫోన్ల నిండా వ్యాఖ్యలు. మందు ఆఖరి నిమిషంలో దొరకడం పాత చింతకాయ పచ్చడి అని, ఇంత చదివినవాడు కూడా చివరికి మూసలోనే పడ్డాడని చాలామంది రాశారు. వాళ్ళలో అతని కాలేజీ ప్రసంగానికి చప్పట్లు కొట్టినవాళ్ళూ ఉన్నారు. చదివి, ఫోన్ పక్కన పెట్టాడు. ఎక్కడా ఏమీ గుచ్చుకోలేదు. అది అతనికే వింతగా అనిపించింది.

మధ్యాహ్నం తల్లి ఫోన్ చేసింది.

"చూశాను" అంది. తర్వాత, "అబ్బా చేసేది మిషన్లు కదా. ఫ్యాన్లని పెట్టావేం?" అంది.

"నౌకలో కుట్టుమిషను ఎందుకుంటుంది అమ్మీ?"

"పోనీలే. ఫ్యానైనా బాగానే చేసేవారు." ముక్కు ఎగబీల్చింది. "సూరిబాబు గారికి కూడా ఫోన్ చేసి చూడమన్నాను. ఎపిసోడ్ అయిపోయాక కూడా వాళ్ళావిడ టీవీ కట్టేయనివ్వలేదట."

శశిధర్ మాట నిలబెట్టుకున్నాడు. సీరియల్ ఇంతియాజ్ చేతికి వచ్చింది. తర్వాతి ఎపిసోడ్ కూడా అతనే రాశాడు. దాన్ని పట్టుకుని మళ్ళీ బందరు వెళ్ళాడు.

ఈసారి వరండాలో వాతావరణం వేరు. కోదండం, జలజ అతని చుట్టూ చేరి చేతులు పట్టుకున్నారు. కాసిం సీను దగ్గర తన ఇంటిల్లిపాదీ అన్నం కంచాల ముందు అలాగే ఉండిపోయారని కోదండం చెప్పాడు. మాణిక్యాంబ గారు దాని గురించి ఏమీ అనలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "చదవండి" అన్నారు.

కొత్త ఎపిసోడ్ హాయిగా ఉంది. రోగం తగ్గాక నౌక ఒక గ్రహం దగ్గర ఆగుతుంది. దానికి మూడు చందమామలు. మనుషులు దిగి గడ్డి మీద నడుస్తారు, పాటలు పాడతారు. కెప్టెన్‌కీ డాక్టరుకీ చిన్న గిల్లికజ్జా. పైడయ్య పళ్ళు ఏరుకొచ్చి అందరికీ పంచుతాడు. చదువుతూ చదువుతూ కోదండం రెండుసార్లు నవ్వాపుకోలేక ఆగాడు. ఎక్కడా ఎవరి పాదానికీ ముల్లు గుచ్చుకోదు. చివర్న అందరూ నౌక ఎక్కి, దీపాలార్పి, ఎవరి మంచాల మీద వాళ్ళు పడుకుంటారు.

జలజ ఆఖరి పేజీ కింద పెట్టి, "చాలా బాగుంది ఇంతియాజ్" అంది.

మాణిక్యాంబ గారు కళ్ళు తెరిచారు.

"కాసిం మంచం మీద ఇప్పుడెవరు పడుకుంటున్నారు?"

ఇంతియాజ్ ఆఖరి పేజీ మళ్ళీ చూశాడు. ఆ మంచం ఊసే లేదు.

వంగి, బెంచీ మీది కాగితాలన్నీ ఒక్కొక్కటిగా దగ్గరికి తీసుకుని, పెన్ను మూత తీశాడు.